జర్మన్లకు నవ్వు రాదట!

డ్యూసెల్‌డార్ఫ్‌లో నలుగురు తెలుగువాళ్ళు బిర్యానీ గిన్నె చుట్టూ చేరితే రెండు మాటలు రాక తప్పవు. ఒకటి ఇంటి అద్దెలు. రెండోది, ఈ జర్మన్లకు హాస్యమంటే ఏమిటో తెలియదన్న తీర్పు. డిసెంబరు నెలాఖరైతే దీనికి రుజువు కూడా చూపిస్తారు. "ఏడాదికోసారి టీవీలో ఓ తాగుబోతు ముసలాయన పులి తల తట్టుకుని తూలడం చూసి నవ్వుతారండీ. ప్రతి ఏడూ అదే ముక్క. మొదటిసారి అర్థం కాలేదేమో పాపం!"

మాట చమత్కారంగానే ఉంది. నిజం మాత్రం కాదు.

వాళ్ళు వెక్కిరించేది 'డిన్నర్ ఫర్ వన్' అనే బ్రిటిష్ హాస్య నాటికను. గట్టిగా 18 నిమిషాలుంటుంది. మిస్ సోఫీకి ఆరోజు 90వ పుట్టినరోజు. విందుకు పిలిచిన నలుగురు స్నేహితులూ ఏనాడో పోయారు. అయినా వాళ్ళ కుర్చీలు వాళ్ళకే ఉన్నాయి, గ్లాసులు వాళ్ళకే ఉన్నాయి. ఆ నలుగురి తరఫునా ఆమె బట్లర్ జేమ్స్ తాగాలి. సూప్‌తో షెర్రీ, చేపతో వైట్ వైన్, కోడితో షాంపేన్, పళ్ళతో పోర్ట్. నాలుగు నాలుగులు పదహారు గ్లాసులు. (ఆ సూప్ మన మిరియాల చారుకు దొరలు వేసిన వేషమే. మనవాళ్ళు అదైనా గమనించి ఉండాల్సింది.)

కాబట్టి జేమ్స్ తాగుబోతు కాదు. ఉద్యోగధర్మంగా తాగుతున్నవాడు. అడ్మిరల్ వంతు వచ్చినప్పుడల్లా మడమలు రెండూ ఠక్కున కొట్టి కేక వేయాలి. కాలు నొప్పి. ఈ ఏడు కూడా తప్పదా అని అడుగుతాడు. నా సంతోషం కోసం, అంటుందామె. సరే, మీ సంతోషం కోసం, అని మళ్ళీ కొడతాడు. నా దృష్టిలో నాటిక ప్రాణమంతా అక్కడుంది. ఒక దొరసాని, ఒక నౌకరు, ఇద్దరూ ముసలివాళ్ళే. చచ్చిపోయిన నలుగుర్ని ఒక పూట బతికించడానికి కుదుర్చుకున్న విచిత్రమైన పొత్తు అది. దీన్ని తూలుడు కామెడీ అని తేల్చేసినవాళ్ళు నాటికలో సగమే చూశారు.

ఇక "ప్రతి ఏడూ అదే" అన్న ఆక్షేపణ. గదిలో పరిచిన పులి చర్మం తలకు జేమ్స్ కాలు తగులుతూనే ఉంటుంది. ఒకసారి తగలదు. దాటేసి, దాటానన్న సంగతి తనకే నమ్మకం కాక ఆగిపోతాడు. తిరిగి వస్తూ తట్టుకుంటాడు. తట్టుకుంటాడని ముందే తెలిసినవాడికే ఆ తట్టుకోకపోవడంలోని రుచి తెలుస్తుంది. ఇది మనకు కొత్తా? 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే సన్నివేశాన్ని 1987 నుంచి ఎన్నిసార్లు చూశాం? 'మాయాబజార్'లో వచ్చే మాట నటుడికంటే ముందు మనమే అనేస్తాం. అప్పుడు మనకు జోకు అర్థం కానట్టా?

మూడో ఆక్షేపణ ఇంకా తేలిక: హాస్యం బ్రిటిష్‌వాళ్ళది, వీళ్ళది అరువు నవ్వు. మరి సొంతదారు ఏం చేశాడో చూద్దాం. బ్రిటన్ టీవీలో ఈ నాటిక మొదటిసారి పూర్తిగా వచ్చింది 2018 చివరి రోజున. అంతకుముందు బ్లాక్‌పూల్ వేదిక మీద దీన్ని చూసి, జేమ్స్‌గా వేసిన ఫ్రెడ్డీ ఫ్రింటన్‌నీ సోఫీగా వేసిన మే వార్డెన్‌నీ పిలిపించింది పీటర్ ఫ్రాంకెన్‌ఫెల్డ్ అనే జర్మన్ టీవీ వ్యాఖ్యాత. 1963 జూలైలో హాంబర్గ్‌లో, ప్రేక్షకుల ముందు రికార్డు చేశారు. సరిగ్గా ఇరవయ్యేళ్ళ క్రితం, 1943 జూలైలోనే, బ్రిటిష్ విమానాలు ఆ ఊరిని తగలబెట్టాయి. వేలకు వేలమంది చచ్చిపోయారు. అలాంటి ఊళ్ళో, బ్రిటిష్ నటుడు ఇంగ్లీషులోనే ఆడుతుంటే, హాల్లో ఒకావిడ నవ్వు ఆపుకోలేకపోవడం ఇప్పటికీ రికార్డింగులో వినిపిస్తుంది. హాలీవుడ్ సినిమాలన్నిటికీ జర్మన్ గొంతులు తగిలించే దేశం దీన్ని మాత్రం డబ్బింగ్ చేయలేదు. మొదట్లో జర్మన్‌లో ఒక పరిచయం, అంతే. 1972 నుంచి డిసెంబరు 31కి ఇది స్థిరపడింది. 1968లోనే పోయిన ఫ్రింటన్ ఆ వైభోగం చూడలేదు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. సినిమా హాల్లో వీళ్ళు ఈల వేయరు, కాగితాలు ఎగరేయరు, పక్కవాడికి కథ చెప్పరు. చప్పుడు లేకపోతే నవ్వు లేదనుకోవడం మన అలవాటు.

పైగా ఈ తీర్పు ఇస్తున్నది ఏ ఊళ్ళో కూర్చుని? యుద్ధం ముగిసి రెండేళ్ళు కాకముందే, 1947లో, కాయ్, లోరె లోరెంట్స్ దంపతులు 'కొమ్యోద్‌షెన్' అనే రాజకీయ వ్యంగ్య వేదికను తెరిచిన ఊరు. అది నేటికీ నడుస్తోంది. కార్నివాల్ సోమవారం జాక్ టిలీ తయారు చేసే బొమ్మల బళ్ళు ఏ నాయకుణ్ణి ఉతుకుతాయో ఆ ఉదయందాకా బయటికి పొక్కదు. 2019లో అప్పటి ప్రధాని థెరిసా మే పొడవాటి ముక్కుతో బ్రిటన్ ఆర్థిక వ్యవస్థను పొడిచిన బొమ్మ ఇక్కడిదే. దాన్ని లండన్‌లో జరిగిన ఒక ఊరేగింపుకు కూడా తీసుకెళ్ళారు. బ్రిటిష్‌వాళ్ళకే హాస్యం ఎగుమతి చేసిన ఊరికి మనం పాఠం చెబుతున్నాం!

అసలు చిక్కు మన దగ్గరుంది. ఆఫీసు ఇంగ్లీషులో, ఇల్లు తెలుగులో. జర్మన్ బీ1 సర్టిఫికెట్ వీసా ఫైలులో. క్యాంటీన్‌లో నలుగురు సహోద్యోగులు పగలబడి నవ్వుతుంటే మనం పళ్ళెం పట్టుకుని వెళ్ళి కూర్చుంటాం. మర్యాదకు వాళ్ళు ఇంగ్లీషులోకి మారతారు. ఆ మర్యాద ఇంగ్లీషులో వాతావరణమూ రైళ్ళ ఆలస్యమూ తప్ప ఇంకేం మిగులుతాయి? అది చూసి, వీళ్ళకు నవ్వు రాదని ఇంటికొచ్చి చెబుతాం.

అనుమానం ఉంటే నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకు పాతబస్తీలో నగరసభ ముందున్న మార్క్ట్‌ప్లాట్స్‌కు వెళ్ళండి. హొప్పెడిట్జ్ అనే విదూషకుడు పెద్ద ఆవపచ్చడి కుండలోంచి లేచి, ఊరి పెద్దల్ని పేరుపేరునా ఏకిపారేస్తాడు. మేయర్ నిలబడి విని, తిరిగి జవాబు చెప్పుకోవాలి. వెళ్ళేటప్పుడు ఇక్కడి బడిలో చదివే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. జనం ఎందుకు నవ్వారో వాళ్ళు చెబుతారు.