ప్రశ్నతో మొదలయ్యే చదువు

ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి కళాశాలను ఎంచుకొనేటప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? ఆ ప్రశ్న సహేతుకమైనదే. అయితే అక్కడ ఎలా చదువుతారన్నది అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న.

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు అనే చిన్న విద్యాసంస్థలు ఉన్నాయి. సాహిత్యం, తత్త్వం, గణితం, విజ్ఞానం అన్నింటితోను విద్యార్థికి పరిచయం కల్పించడం వీటి ఆశయం. మేరీలాండ్ రాష్ట్రంలో, అనాపొలిస్ నగరంలోని సెయింట్ జాన్స్ కళాశాల వీటిలో విలక్షణమైనది. 1937 నుండి అక్కడ మహాగ్రంథాల పఠనమే పాఠ్యప్రణాళిక. 1964లో శాంటాఫేలో దాని రెండవ ప్రాంగణం వెలసింది.

అక్కడ డిగ్రీ విద్యార్థులందరూ దాదాపు ఒకే పాఠ్యక్రమాన్ని అనుసరిస్తారు. హోమర్ ఇతిహాసాన్ని చదివిన విద్యార్థే యూక్లిడ్ సిద్ధాంతాన్ని నల్లబల్ల వద్ద నిలిచి నిరూపించాలి. ప్రాచీన గ్రీకు నేర్చుకోవాలి. ప్రయోగశాలలో పరిశీలనలు చేయాలి. గోష్ఠిలో సుమారు ఇరవైమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. అధ్యాపకుడు ఒక ప్రశ్న వేసి చర్చను ప్రారంభిస్తాడు. ఎవరేమి చెప్పినా గ్రంథంలో ఆధారం చూపాలి. ఎదుటివారి మాట సాంతం వినాలి. అధ్యాపకులు విద్యార్థి సమక్షంలోనే అతని ప్రగతిని చర్చించి, పిదప అతని అభిప్రాయాన్నీ ఆలకిస్తారు. సంస్థ చిన్నది కావడం వల్లనే ఇది సాధ్యం.

ఈ పద్ధతి భారతీయులకు అపరిచితం కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయించారు. ఏడాది తన వద్ద నివసించి, ఆ పిమ్మట ప్రశ్నించమనీ, తనకు తెలిస్తే చెబుతాననీ ఆయన అన్నాడు. తెలియనిది ఉండవచ్చునని అంగీకరించిన గురువు అతడు. శాంటాఫే ప్రాంగణంలో భారత, చైనా, జపాన్ దేశాల గ్రంథాలను, సంస్కృతాన్ని అధ్యయనం చేసే స్నాతకోత్తర విద్య కూడా ఉండడం గమనార్హం.

ఈ విద్యకు పరిమితులు లేకపోలేదు. ఇంజనీరింగు, వైద్యం వంటి వృత్తివిద్యలు అక్కడ లభించవు. వార్షిక బోధన రుసుమును 52,000 డాలర్ల నుండి 35,000 డాలర్లకు తగ్గిస్తున్నట్లు ఆ కళాశాల 2018లో ప్రకటించింది. తగ్గిన తరువాత కూడా సామాన్య కుటుంబానికి అది మోయరాని భారమే.

అయినా ఆ విద్యలోని సారానికి అంత ధనం అవసరం లేదు. ఒక మంచి గ్రంథం, పదిమంది సహాధ్యాయులు, ఓపికగల అధ్యాపకుడు ఉంటే చిన్న ఊరి కళాశాలలోనూ అటువంటి గోష్ఠి సాగుతుంది. కంఠస్థం చేసిన సమాధానం పరీక్షతో ముగుస్తుంది. చదివినదాన్ని తర్కించి, స్వయంగా నిర్ణయించుకొనే శక్తి వృత్తి ఏదైనా జీవితాంతం తోడుంటుంది. కళాశాలను ఎంచుకొనే విద్యార్థి ఆ శక్తి ఎక్కడ లభిస్తుందో విచారించడం వివేకం.