తాతయ్యని లావు చేసిన డీవీడీ

మా నాయనమ్మకి యాస్పెక్ట్ రేషియో అంటే ఏంటో తెలీదు. కానీ తప్పు పట్టుకున్నది మాత్రం ఆవిడే.

తాతయ్య పోయాక గోడకి పెట్టడానికి సరైన ఫొటో దొరకలేదు. కెమెరా కనపడితే ఆమడ దూరం పారిపోయే మనిషి. చివరికి 1998లో గుడివాడలో జరిగిన అత్త పెళ్ళి వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి, పెద్దది చేయించి పటం కట్టించాం. నాయనమ్మ చూసి "ఇదేంట్రా అబ్బాయ్, మీ తాత ఇంత లావు ఎప్పుడున్నాడు? ఎవరి ఫొటో తెచ్చారు?" అంది. పొలం గట్ల మీద తిరిగి తిరిగి ఎండిపోయిన బక్కపల్చటి మనిషి మరి. వీడియోలో అలాగే కనపడతార్లే అని సర్దిచెప్పాం. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని అయ్యుండి నేనూ అదే మాట అన్నాను, సిగ్గుచేటు.

జరిగింది ఇదీ. ఆ క్యాసెట్‌ని బెజవాడలో ఒక స్టూడియో అతను డీవీడీ చేశాడు. కొత్త టీవీలో నిండుగా వస్తుందని 4:3 బొమ్మకి 16:9 అని గుర్తు పెట్టాడు. క్యాసెట్ బూజు పట్టి పోయింది కాబట్టి ఇప్పుడు మాకున్నది ఆ డీవీడీ ఒక్కటే.

మన పాల్ డీవీడీలో బొమ్మ 4:3 అయినా 16:9 అయినా పూర్తి సైజులో దాచేది 720 × 576 చుక్కల్లోనే. ఆ చుక్కలు చతురస్రాలు కావు. ఎంత సాగదీసి చూపించాలో చెప్పేది పక్కనుండే చిన్న గుర్తు. 4:3 అంటే 768 × 576గా, 16:9 అంటే 1024 × 576గా చూపించాలి. గుర్తు తప్పితే మనిషి మూడో వంతు వెడల్పెక్కుతాడు. గుర్తు సరిగ్గా ఉన్నా, కంప్రెస్ చేసేటప్పుడు దాన్ని వదిలేసి 720 × 576 అలాగే ఉంచితే 4:3 బొమ్మ ఆరు శాతం సన్నబడుతుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎవరికీ కనపడదు!

ఈ విషయంలో పాత జనమే నయం. టూరింగ్ టాకీసులో ఆపరేటరు స్కోప్ లెన్సు మార్చడం మర్చిపోతే న్యూస్‌రీల్లో నాయకులంతా బూరెల్లా ఉబ్బేవాళ్ళు, నేల టిక్కెట్టు నుంచి "లెన్సూ..." అని అరుపులు. ఇప్పుడేమో ఇంట్లో 1957 నాటి మాయాబజార్‌ని టీవీ నిండా సాగదీసుకుని కిక్కురుమనకుండా చూస్తున్నాం. ఘటోత్కచుడు లావైతే పర్లేదు, రంగారావుగారికి నప్పుతుంది :-) శశిరేఖ ఏం పాపం చేసింది? పక్కన నల్ల పట్టీలుంటే డబ్బులు నష్టపోయినట్టు బాధపడతారు జనం. నా మటుకు నాకు ఆ పట్టీలే మర్యాద.

సరే, కనిపెట్టడం ఎలా? గుండ్రటి వస్తువు వెతకండి. మా వీడియోలో కళ్యాణమండపం గోడ గడియారం కెమెరాకి ఎదురుగా దొరికింది. ఫ్రేము ఆపి కొలిస్తే వెడల్పు 80 చుక్కలు, ఎత్తు 60. అంటే సరిగ్గా 4/3 రెట్లు. ఇంకేం సాక్ష్యం కావాలి? పళ్ళాలు, బిందెలు పనికిరావు, పక్కనుంచి చూస్తే అవి ఎలాగూ కోలగానే ఉంటాయి.

గుర్తు ఒక్కటే తప్పైతే వీడియోని మళ్ళీ కంప్రెస్ చెయ్యకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాస్పెక్ట్ 4:3 అని ఇచ్చి, వీడియో, ఆడియో రెండిటికీ కాపీ అని చెబితే నిమిషాల్లో అయిపోతుంది, నాణ్యత పైసా కూడా పోదు. చూడ్డానికి మాత్రమే అయితే వీఎల్‌సీలో 'ఏ' నొక్కుతూ పోతే చాలు. సైజు మార్చక తప్పకపోతే 576 గీతల జోలికి పోకుండా వెడల్పే మార్చండి. క్యాసెట్ బొమ్మలో సరి గీతలు, బేసి గీతలు వేర్వేరు క్షణాలవి. వాటిని విడదీయకుండా ఎత్తు తగ్గిస్తే కదిలే చేతులన్నీ దువ్వెన పళ్ళలా తయారై ఇక బాగుపడవు. మా బాబాయి కొడుకు సరిగ్గా ఈ పనే చేసి, ఫైలు చిన్నదైందిగా అన్నాడు. నయం, డీవీడీ పారెయ్యలేదు.

ఫ్రేము మళ్ళీ తీసి, 768 వెడల్పుకి తెచ్చి, కొత్త పటం కట్టించాను. నాయనమ్మ కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఆఁ, ఈయనే. చూడు, కూతురి పెళ్ళికి కూడా ఆ మాసిన కండువానే వేసుకున్నాడు" అంది.