గుర్తుండనోడికి గడువులా?



మన ఇళ్లలో స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకో, చెల్లెలో, పెనిమిటో ఉన్నారు. మందులు పడ్డాయి. చెవిలో గొంతులు తగ్గాయి. "నయమైంది కదా, ఇంకేంది?" అంటోంది ఊరు.

నయమైందా? టీ పెట్టమంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా అక్కడే నిలబడతాడు. నాలుగు సరుకులు చెప్పి కొట్టుకు పంపితే ఒక్కటి పట్టుకొస్తాడు. పొద్దున మాత్ర వేసుకున్నాడో లేదో తనకే తెలియదు. ఇది బద్ధకమా? పొగరా? కాదు! జ్ఞాపకాన్ని, ధ్యాసను, ఒక పని తర్వాత ఇంకో పని చేసుకుపోయే తెలివిని కూడా ఆ జబ్బే దెబ్బకొడుతుంది. చాలామందికి గొంతులు వినబడక ముందే ఈ దెబ్బ తగులుతుంది. గొంతులను ఆపే మాత్రలు దీన్ని పెద్దగా బాగుచేయలేవు. పనిదొంగ అని తిట్టినవాళ్లందరికీ ఈ మాట చెప్పండి!

ఇక దవాఖానకు పోదాం. ఓపీ చీటీ ఒకచోట, డాక్టరు ఇంకోచోట, మందుల కౌంటర్ మరోచోట. "ఫలానా తారీఖున రా, పాత చీటీ తే." రాకపోతే? అడిగే దిక్కు లేదు! మందులు ఆగుతాయి. మనిషి మళ్లీ రోడ్డెక్కుతాడు. అప్పుడు మాత్రం పోలీసులొస్తారు, తాళ్లొస్తాయి!

పింఛనుకూ ఇదే తిప్పలు. వైకల్య పరీక్షకు స్లాటు, శిబిరం తేదీ, 40 శాతం వైకల్యం రాసిన సర్టిఫికెట్. శిబిరంలో కాసేపు కుదురుగా కూర్చుని పేరు, ఊరు చెప్పాడా, "బాగానే ఉన్నాడుగా!" అంటారు. ఇంట్లో ఎట్లా ఉంటాడో తల్లిని అడగరేం? జబ్బు ఏం లాక్కుందో సరిగ్గా అదే తెచ్చి చూపించమంటే ఎక్కణ్నుంచి తెస్తాడు?

టీబీ మందు మింగారా లేదా అని ఆశా అక్క ఇంటికొచ్చి ఆరా తీస్తుంది. మంచి పని! మన పిల్లలకెందుకు తీయరు?

మనం బిచ్చం అడగడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 18వ సెక్షన్ చదవండి! అత్యావశ్యక మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) మొదలుకుని పైనున్న సర్కారు దవాఖానలన్నింటిలో ఉచితంగా ఉండాలి. వైద్యం కోసం మనల్ని దూరాలు తిప్పకూడదు. ఇంటి దగ్గరే పునరావాసానికి సాయం అందాలి. 2018 మే 29 నుంచి ఈ చట్టం అమల్లో ఉంది. మన గడప దాకా వచ్చిందా?

మనం అడిగేది ఇదీ: దవాఖాన తారీఖుకు ముందురోజు ఇంటికి ఫోన్ రావాలి! రోగి రాకపోతే దవాఖాన మనిషే వెతుక్కుంటూ రావాలి! చీటీ, డాక్టరు, మందులు ఒక్కచోటే! జ్ఞాపకానికి, ధ్యాసకు తర్ఫీదిచ్చే పద్ధతులున్నాయి, అవి నేర్పేవాళ్లను జిల్లా దవాఖానలో పెట్టాలి!

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి రండి. మందుల చీటీలు, తారీఖు తప్పిన కార్డులు, శిబిరంలో తిప్పిపంపిన కాగితాలు అన్నీ తెండి. ఒక్కరే వస్తే అర్జీ తీసుకుని పక్కన పడేస్తారు, గుంపుగా పోదాం! మనిషిని ఇంట్లో ఒంటరిగా వదల్లేని తల్లులు కబురు పెట్టండి, మాలో ఒకరం వచ్చి తోడుంటాం. ఈలోపు అర్ధరాత్రి ఇబ్బందైనా 14416 టెలీమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. పైసా పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

– మీలాంటి ఇళ్లవాళ్లం