తుపాకి పొట్ట

"ఈ మేగజీను ఇక పనికిరాదు, అవతల పారెయ్యాలి" అని మొన్న భోజనాలవేళ నాలో నేను అనుకోబోయి పైకే అనేశాను. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "పారెయ్యకండి, సీరియలు ఇంకా మూడువారాలుంది. ఆ పిల్ల పెళ్లి సంగతి తేలనేలేదు" అంది. నేనన్నది వారపత్రికను గురించి కాదు, తుపాకిలో తూటాలు నింపే పెట్టెను గురించి అని చెప్పాను. ఆవిడ నావంక ఒక చూపు చూసి చారు వడ్డించింది. పద్యాలు చెప్పుకునే మనిషికి ఈ వైభోగం ఎందుకని ఆ చూపుకు తాత్పర్యం.

ఆ చూపులో న్యాయం లేకపోలేదు. నేను జనగామలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా కాలేజీలో ఎన్.సి.సి. చూసుకునే లెక్కల మాస్టారు బదిలీ అయి వెళ్లిపోతూ ఆ బరువు నా నెత్తిన పెట్టిపోయారు. కామ్టీ వెళ్లి శిక్షణ పొంది వచ్చాను. సమాసాలు విడదీసే చేతులతో రైఫిలు విడదీయడం నేర్చాను. ఏది విడదీసినా మళ్లీ కలపడంలోనే ఉంది చిక్కు.

మా ఆవిడ పొరపాటు కూడా పొరపాటు కాదు సుమండీ. మేగజీను అన్న మాటకు మూలం అరబ్బీలో మఖ్జన్. అంటే కొట్టు, గిడ్డంగి. ఆ మాట యూరపు చేరి తుపాకిమందు దాచే కొట్టుకు పేరైంది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన, నానారకాల రాతలు నింపిన గిడ్డంగి అన్న అర్థంలో తన పత్రికకు 'జెంటిల్మన్స్ మేగజీన్' అని పేరు పెట్టాడు. అప్పటినుంచీ అది పత్రికలకు కూడా అంటుకుంది. కనుక మా ఇంట్లో రెండు కొట్లున్నాయన్నమాట. ఒకదానిలో కథలు, ఒకదానిలో తూటాలు. రెండవది ఇంట్లో ఉండదు లెండి, ఊరికే మాటవరసకన్నాను. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే మనబోటివాళ్లం తుపాకి ముట్టుకోరాదు. మా కాడెట్ల రైఫిళ్లు బెటాలియను వారి తాళం కింద ఉంటాయి.

ఈ పెట్టె సంగతి నేను మొదట విన్నది కామ్టీలో కాదు, మా నర్మెట్టలో, మా తాత నోట. 1946 జూలై 4న మా తాలూకాలోని కడవెండిలో దొర మనుషుల తుపాకి గుళ్లకు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయిన నాటికి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. మరుసటి ఏడు సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధపోరాటానికి పిలుపునిచ్చాక తుపాకుల వేట మొదలైంది. దొరికినవి చాలావరకు భర్మార్లే. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే పనంతా ఉంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, గుళ్లు వేసి, మళ్లీ కూరి, అప్పుడు కాల్చాలి. దానికి పెట్టె లేదు గనుక పెట్టెతో పేచీ కూడా లేదు.

పోలీసులనుంచి లాక్కున్న త్రీనాట్‌త్రీ రైఫిళ్లు రెండు తమ దళానికి చేరిన సంగతి తాత చెప్పేవాడు. ఒకదానికి పెట్టె ఉంది, ఒకదానికి ఊడిపోయింది. ఉన్నదాని పెట్టె తీసి లేనిదానికి పెట్టి చూశారట. రెండు తూటాలు పోయాయి, మూడవది అడ్డం తిరిగింది. "బందూకు మంచిదే పిలగా, పొట్టనే దానిది గాదు" అనేవాడు. చివరికి ఆ రెండవదాన్ని ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి వాడుకున్నారట. పదితూటాల తుపాకి ఒంటితూటా తుపాకి అయిందన్నమాట. చిన్నప్పుడు నేనది నవ్వులకథగా విన్నాను. మూడవ తూటా అడ్డం తిరిగిన ఆ నిమిషాన ఎదుట ఎవరున్నారో తాత చెప్పలేదు. నేనూ అడగలేదు.

తాత మాటకు వ్యాఖ్యానం ఇరవైఏళ్ల తరువాత ఒక హవల్దారుగారు చెప్పారు. కడప జిల్లా మనిషి. ఆయన పాఠం చెబుతుంటే, మా ఎం.ఏ. క్లాసులో వ్యాకరణం ఇంత తేటగా ఎవరైనా చెప్పి ఉంటే నాకు మరో పదిమార్కులు వచ్చేవి కదా అనిపించింది.

"పేరు ఒకటైతే సరిపోదు సార్" అనేవారు. త్రీనాట్‌త్రీ అని జనం ఒకేమాట అంటారు గాని, అందులో నంబరు 1 రైఫిలు వేరు, నంబరు 4 రైఫిలు వేరు. తూటా ఒకటే, పెట్టెలు మాత్రం ఒకదానివి ఒకదానికి కుదరవు. ఒకే నంబరులోనైనా, కర్మాగారంలో ప్రతి తుపాకికీ దాని పెట్టెను సరిచూసి, పై పెదవులను అవసరమైతే కొంచెం వంచి, జోడీ కట్టి ఇచ్చేవారట. ఎస్.ఎల్.ఆర్. సంగతీ అంతే. దానికి మూలం బెల్జియం వారి నమూనా. దాన్నే బ్రిటిషువారు అంగుళాల లెక్కకు మార్చుకుని, పెట్టె ముందుభాగాన కొక్కెం పెద్దది చేశారు. ఆ పెట్టె మిల్లీమీటర్ల లెక్కన చేసిన రైఫిలులో దూరనే దూరదు. చూపులకు రెండూ కవలపిల్లలు.

కుదిరిందో లేదో చూడటానికి హవల్దారుగారు ముందు చెవి పెట్టేవారు. పెట్టె లోపలికి పోయి టక్కున పట్టుకోవాలి. తరువాత వేళ్లతో కదిపి చూడాలి. వదులైన పన్ను కదిలినట్టు కదిలిందా, తూటా వచ్చే ఎత్తు మారుతుంది, మూతి గొట్టానికి ఎదురుగా రాదు. ఇక పెదవులు. రేకుతో చేసిన ఆ రెండు అంచులే తూటాను పట్టి ఉంచుతాయి, వేళకు వదులుతాయి. పెట్టె ఒక్కసారి సిమెంటునేల మీద పడితే పెదవి వెంట్రుకవాసి వంగుతుంది. కంటికి కనబడదు, తూటాకు తెలుస్తుంది. వంగినదాన్ని శ్రావణంతో మనం సరిచేస్తామని కూర్చుంటే మరింత చెడుతుంది. లోపల తూటాలను పైకి తోసే పలక నొక్కితే ఎక్కడా పట్టకుండా దిగి, వదిలితే చప్పున లేవాలి. స్ప్రింగు నింపి ఉంచినందుకు అంతగా అలవదట, నింపడం దించడం వేలసార్లు జరిగితే అలుస్తుంది. లోపల నూనె పొయ్యరాదు. దుమ్ము నూనెకు అంటి జిగురవుతుంది. ఇదంతా చూశాక డమ్మీ తూటాలు నింపి, మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి నడిపి చూడాలి. అన్ని పరీక్షల్లోనూ నెగ్గినదానిమీద దాని తుపాకి నంబరు రంగుతో రాయాలి. రెండుసార్లు మొరాయించిన దాన్ని పక్కన పడెయ్యాలి, దానిమీద జాలి పనికిరాదు.

నింపడంలోనూ ఒక మర్మముంది. త్రీనాట్‌త్రీ తూటా అడుగున చెంబుకున్నట్టు చిన్న అంచు ఉంటుంది. పై తూటా అంచు కిందిదాని అంచుకు ముందుండాలి. వెనక పడిందంటే, పైది ముందుకు కదిలేటప్పుడు కిందిదాన్ని కూడా లాగుతుంది, రెండూ చిక్కుపడతాయి. మా పిల్లలు కాల్చే పాయింట్ టూటూ తూటాకూ అంచుంది గనుక అక్కడా ఈ జాగ్రత్త అవసరమే. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ ఎయిర్ రైఫిలుకు ఈ బాధ లేదు, గుండు ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి. సరిహద్దులో సిపాయికి ఆ తీరిక ఎక్కడిది? 1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ రైఫిళ్ల ప్లాస్టిక్ పెట్టెలు పగిలాయని పత్రికల్లో చదివినప్పుడు నాకు తాత మాటే గుర్తొచ్చింది.

ఇంత తెలిసినవాణ్ణి నేను చేసిన పని వినండి.

కిందటి ఏడు పోటీలకు ఎంపిక. మా జట్టులో నలుగురు. అందులో మా నర్మెట్ట అమ్మాయి ఒకతె. డిగ్రీ రెండో ఏడు, తండ్రికి రెండెకరాల పత్తిచేను. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి కాలిస్తే ఐదు తూటాలూ రూపాయిబిళ్ల కింద దాగేవి. ముందురోజు సాయంత్రం క్యాంపులో హవల్దారుగారి ఎదుట రైఫిళ్లు తుడుస్తున్నాం. ఆయనను ఎవరో పిలిస్తే వెళ్లారు. నేను ఉత్సాహంకొద్దీ నాలుగు పెట్టెలూ ఒక గుడ్డమీద పరిచి తుడిచాను. నంబర్ల రంగు అప్పటికే చాలావరకు వెలిసి ఉంది. నా తుడుపుతో మిగిలింది కూడా పోయింది. ఏది దేనిదో తెలియలేదు. అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా అని తలా ఒకటి తగిలించేశాను. హవల్దారుగారు తిరిగి వచ్చాక ఆ ముక్క చెప్పడానికి నామోషీ అడ్డొచ్చింది.

మర్నాడు ఆ అమ్మాయికి రెండు తూటాలు పోయాయి. మూడవది అడ్డం తిరిగింది. నేర్పినట్టే కదలకుండా చెయ్యెత్తింది. సరిచేసి ఇచ్చేసరికి చేతిలో నిదానం పోయింది. మిగతా మూడూ మూడు దిక్కులకు వెళ్లాయి. ఎంపిక జాబితాలో పేరు లేదు. బస్సెక్కేముందు నా దగ్గరికి వచ్చి, "సార్, నా తప్పు ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. "తుపాకి అన్నాక ఒక్కోసారి అట్లా అవుతుందమ్మా" అన్నాను.

ఆ వాక్యంలో కర్త లేడు. వ్యాకరణం చదివినవాడికి తప్పించుకునే దారులు నలుగురికంటే ఎక్కువ తెలుస్తాయి.

పదిరోజులు ఆగలేకపోయాను. ఆదివారంనాడు నర్మెట్ట బస్సెక్కాను. తండ్రి చేనినుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన ఎదుటనే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నావంకా కూతురివంకా చూసి ఊరుకున్నాడు. ఆ అమ్మాయి కాసేపు ముగ్గుమీద కాలివేలితో గీస్తూ నిలబడింది. "మరి ఆ దినమే చెప్పకపోతిరి సార్. నా చెయ్యే వణికిందనుకుని పది దినాలాయె నిద్రలేదు" అంది. జవాబు చెప్పలేక మంచినీళ్లు అడిగాను.

నీళ్ల చెంబుతోపాటు ఒక చిన్న సీసా తెచ్చి నా పక్కన పెట్టింది. గోళ్లరంగు, ఎర్రది. "కిరసనాయిలుకు గూడ పోదు సార్. ఈసారి నంబర్లు దీంతోని రాద్దాం. నేనే రాస్త" అంది.

హవల్దారుగారి అనుమతితో నాలుగు పెట్టెలమీదా తనే రాసింది. వాటిలో రెండవ నంబరుది మొన్న మళ్లీ మొరాయించింది. దాన్ని గురించే నేను భోజనాల దగ్గర ఆ మాటన్నది. మా ఆవిడ చారు వడ్డించాక, నా లాల్చీజేబులో గోళ్లరంగు సీసా ఎందుకుందని అడిగింది. ఆ కథ చెప్పడానికి మజ్జిగ దాకా పట్టింది.