మొదటి ఆదివారం ఎవరు చూస్తారు?

యూనివర్సిటీ హాస్టల్లో సీటొచ్చిన పిల్ల అన్నిటికన్నా ముందు సంతకం పెట్టేది ర్యాగింగ్ ప్రమాణపత్రం మీద. ఎవర్నీ ఏడిపించనని, ఏడిపిస్తే ఏ శిక్షకైనా సిద్ధమని ఆ పిల్ల ఒకటి రాసివ్వాలి, తల్లో తండ్రో ఇంకొకటి రాసివ్వాలి. అప్పటికి పరుపు, బకెట్టు, ఆవకాయ సీసా ఇంకా ఆటోలోంచి దిగనే లేదు. రాయించుకోవడం తప్పని అనను. ఆ కాగితం వెనక చావులున్నాయి. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకుంది, యూజీసీ నిబంధనలు వచ్చాయి. మన రాష్ట్రానికైతే 1997 నుంచే సొంత చట్టం ఉంది. ఆ చట్టం ఉండగానే 2015 జులైలో నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం అమ్మాయి ప్రాణం తీసుకుంది.

నా గొడవల్లా, 2009 నిబంధనల్లో మనం సగమే చదివామని. శిక్షల సగం. దాన్ని ఫ్లెక్సీ వేయించి గేటుకి, మెస్‌కి కట్టాం. 1800-180-5522 నంబరు గోడల మీద రాయించాం, ఉండాల్సిందే. మిగతా సగం ఫైల్లోనే ఉండిపోయింది. అందులో కొత్తవాళ్ళని ఎలా కలుపుకోవాలో ఉంది. విద్యాసంవత్సరం చివర్లోనే, వచ్చే ఏటి పిల్లల కోసం, తమంతట తాము ముందుకొచ్చిన విద్యార్థులతో మెంటర్ల బృందం కట్టాలి. కొత్తవాళ్ళు ఆరుగురికి ఒక మెంటర్, అలాంటి ఆరుగురు మెంటర్ల మీద ఇంకో పెద్ద మెంటర్. హాస్టల్ వార్డెన్‌కి తోడుగా ఇద్దరు చిన్న వయసు అధ్యాపకులు కొన్నాళ్ళు అక్కడే ఉండొచ్చు. వీలైనంతవరకు మేస్టార్లు మెస్‌లో పిల్లలతో కలిసి భోంచెయ్యాలి.

ఈ చివరి మాటే నాకు అన్నిటికన్నా నచ్చింది. పిల్లలకి ధైర్యం వస్తుందని అలా రాశారు. రాయని లాభం ఇంకోటుంది, ఆ పూట సాంబారు సాంబారులా ఉంటుంది. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రుల్ని కూడా ఆ రోజు అదే బల్ల మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాలంటాను. బిడ్డ రేపట్నుంచి ఏం తింటుందో కళ్ళారా చూసి వెళ్తారు. మేస్టారు క్లాసు బయట కుర్రాళ్ళతో గడపడం మన రాజమండ్రికి కొత్తేం కాదు. 1909 నుంచి 1919 దాకా ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటి కుర్రాళ్ళని చేరదీశాడు, అజంతా దాకా వెంటబెట్టుకెళ్ళాడు. ఆయనకి ఏ సర్క్యులరూ రాలేదు.

ఇప్పుడు సర్క్యులర్లకి లోటు లేదు. ఇంజినీరింగ్ కాలేజీలకి ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ పెట్టింది. యూజీసీ 2019లో ‘దీక్షారంభ్’ అని అందరికీ మార్గదర్శకాలిచ్చింది. ఆటలు, బొమ్మలు, చుట్టుపక్కల ఊళ్ళు చూడ్డం, అన్నీ ఉన్నాయి అందులో. ఆచరణలో ఎక్కువగా కనిపించేది ఆడిటోరియం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతిథులు, శాలువాలు, లక్ష్యసాధన మీద ప్రసంగాలు. సాయంత్రానికి బస్సులెక్కేవాళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు. హాస్టల్ పిల్లకి అసలు రోజు అప్పుడు మొదలవుతుంది. నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, రాత్రి జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలి? వీటిలో ఒక్కదానికీ ఆడిటోరియంలో జవాబు దొరకదు.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఫ్రెషర్స్ డే. లైట్లు, డీజే, మిస్టర్ ఫ్రెషర్, మిస్ ఫ్రెషర్. పండగ చేసుకోవద్దనడానికి నేనెవర్ని? కాకపోతే అది సీనియర్ల పండగ. కొత్తవాళ్ళ పేరు మీద జరుగుతుంది, అంతే. అప్పటికి చేరాల్సినవాళ్ళు గుంపుల్లో చేరిపోయి ఉంటారు, ఒంటరిగా మిగిలినవాళ్ళు మిగిలిపోయి ఉంటారు. పైగా చందా. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునే పిల్ల, కొత్త డ్రెస్సుకీ చందాకీ కలిపి మొదటి నెల్లోనే నాన్నకి ఫోన్ చెయ్యాలి. ఆ డబ్బు కాలేజీ ఇవ్వాలి, లేకపోతే డీజే మానెయ్యాలి.

స్టేజీ మీద టాస్కుల సంగతి కూడా చెప్పాలి. మన గోదారి జిల్లాల్లో ఎటకారం అనేది ఒక కళ. మనలో మనకి అది ప్రేమే. ఎదుటివాణ్ణి ఆయ్, అండీ అంటూనే నిలువునా ఉతికి ఆరేస్తాం, వాడూ నవ్వుతాడు, సాయంత్రం ఇద్దరూ ఒకే చోట టీ తాగుతారు. శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో వచ్చిన పిల్లాడికి ఇది తెలీదు. వాడి యాసని అనుకరించి హాలంతా గొల్లుమంటే వాడికి వినపడేది ఆ నవ్వొక్కటే. అడిగితే సరదాకి అన్నామంటారు. 1997 చట్టం సరదా అనే మాటని లెక్కలోకి తీసుకోలేదు. అవమానం, చిరాకు, భయం కలిగించేది ఏదైనా ర్యాగింగే, వెక్కిరించి చిన్నబుచ్చినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చంటుంది. ఈ ముక్క చెప్పాల్సింది కొత్తవాళ్ళకి కాదు, కార్యక్రమం రాసుకునే రెండో ఏడాది వాళ్ళకి.

ఇంకో సంగతి మనం పైకి అనుకోం. హాస్టల్లో మొదటి రాత్రి పరిచయాలెలా మొదలవుతాయి? ‘పేరేంటి?’ తర్వాత ‘ఇంటిపేరేంటి?’, ఆ తర్వాత ‘మీది ఏ ఊరు, అందులో ఏ పేట?’. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ మూడు ప్రశ్నలు చాలు, కులం తేలిపోతుంది. అడిగినవాడికి తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. వారం తిరక్కుండా మెస్‌లో బల్లలు విడిపోతాయి. తర్వాత ఎన్ని సమైక్యతా దినాలు జరిపినా ఆ బల్లలు కలవవు. కాబట్టి స్వాగత ప్రణాళికలో మొదటి పని గదుల జాబితా. తెలిసినవాళ్ళతో సర్దుబాటు చేసుకోండని పిల్లలకే వదిలెయ్యకూడదు. ఊళ్ళూ, బ్రాంచీలూ కలగలిపి గదులిచ్చి, ఒక సెమిస్టర్ దాకా మార్పిడి లేదనాలి. పరిచయ కార్యక్రమంలో ఇంటిపేరు అడగొద్దని మెంటర్లకి ముందే చెప్పాలి. గది మార్చమని సిఫార్సు ఫోన్లు వస్తాయి, పెద్ద పెద్దవాళ్ళ నుంచే వస్తాయి. వార్డెన్ గట్టివాడో కాదో తేలేది అక్కడే.

ఇవన్నీ చెయ్యడం మనకి రాదా అంటే, భేషుగ్గా వచ్చు. పెళ్ళిలో మగపెళ్ళివారికి విడిది ఏర్పాటు చూడండి. స్టేషన్‌కి ఎవరెళ్ళాలి, ఏ గదిలో ఎవరు, వేడినీళ్ళు ఎన్నింటికి, చక్కెర లేని కాఫీ ఎవరికి, అన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. విడిది చూసుకోడానికే ఒక మనిషి ఉంటాడు, ఆ మూడు రోజులూ అతనికి వేరే పని చెప్పరు. కాఫీ కాస్త ఆలస్యమైతే వియ్యపురాలు అలుగుతుందన్న భయం అంత పని చేయిస్తుంది. హాస్టల్ పిల్ల అలగదు. దుప్పటి కప్పుకుని ఏడుస్తుంది, లేదా టీసీ అడుగుతుంది.

వచ్చేవాళ్ళు అందరూ పక్క మండలం వాళ్ళు కూడా కారు. 2006లో పెట్టిన నన్నయ యూనివర్సిటీ రాజమండ్రికి ఎడంగా, రాజానగరం దగ్గర హైవే పక్కన ఉంది. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్ళకే. గూడెం స్టేషన్లో అర్ధరాత్రి రైలు దిగే బీహార్ కుర్రాడికి బోర్డు పట్టుకు నిలబడిన ఇద్దరు సీనియర్లు కనిపిస్తే, మర్నాడు గోంగూర కారం ఎంతున్నా ఓర్చుకుంటాడు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆదివారం గురించి. కార్యక్రమాలన్నీ సోమవారం నుంచి శుక్రవారం దాకా, అధ్యాపకులకి వీలుగా పెడతారు. డెల్టా హాస్టల్ కష్టం వారాంతంలో ఉంది. శనివారం క్లాసవ్వగానే అమలాపురం, తణుకు, భీమవరం బస్సులకి పిల్లలు పరిగెత్తుతారు. ఇల్లు దగ్గర, అమ్మ చేపల పులుసు పెడుతుంది, ఎందుకుంటారు? సగం హాస్టల్ ఖాళీ. మిగిలినవాళ్ళు దూరం వాళ్ళు, ఛార్జీలు లేనివాళ్ళు, ఇంటికెళ్ళే పరిస్థితి లేనివాళ్ళు. మెస్‌లో చికెన్ ఉంటుంది, పక్క కుర్చీలో మనిషి ఉండడు. బెంగ పుట్టేది అప్పుడే. కార్యక్రమం పెట్టాల్సిందీ ఆ రోజే. మొదటి ఆదివారం ధవళేశ్వరం కాటన్ మ్యూజియం, ఆనకట్ట, తర్వాతి ఆదివారం రాజమండ్రిలో దామెర్ల ఆర్ట్ గ్యాలరీ, గౌతమీ గ్రంథాలయం, ఇంకో వారం కడియం నర్సరీలు. ఒక బస్సు, పులిహోర పొట్లాలు, వెంట ఒక మేస్టారు. ఫ్రెషర్స్ డే సౌండ్ సిస్టమ్ అద్దెతో ఇవన్నీ అయిపోవచ్చు.

దానికన్నా మంచిది, ఖర్చు లేనిది ఒకటుంది. ఊరెళ్ళే పిల్ల ఊరెళ్ళలేని పిల్లని తనతో తీసుకెళ్ళడం. పిల్లలకి ఆ బుద్ధి పుష్కలంగా ఉంది, అడ్డం వచ్చేది అవుట్‌పాస్. సొంత ఇల్లు, లోకల్ గార్డియన్ తప్ప మూడో చోటికి పంపడానికి వార్డెన్‌లు భయపడతారు. ఆడపిల్లల విషయంలో ఆ భయం అర్థం లేనిది కాదు. ఇద్దరు తల్లులతో ఫోన్లో మాట్లాడించి, ఇద్దరి నంబర్లూ పుస్తకంలో రాసుకుని, ఆదివారం రాత్రి భోజనం వేళకి తిరిగి రావాలని చెప్పి పంపితే సరి. ఒక్క జాగ్రత్త. చేరికలు జరిగేది గోదారికి వరదలొచ్చే రోజుల్లోనే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే, ఆ వారం లంక ఊళ్ళకి పాస్ ఇవ్వక్కర్లేదు. నీళ్ళు తీశాక పంపొచ్చు.