పథ్యము పేరిట పస్తులా?

‘లంఖణం పరమౌషధం’ అన్నారు మన పెద్దలు. అజీర్ణమునకు అది తగిన మాటయే కావచ్చును. కాని కాన్సరు రోగికి ఆ మాటనే వర్తింపజేయుట ప్రమాదకరమని మేము అనుభవముతో తెలిసికొంటిమి.

అమీర్‌పేటలో నివసించు మా మేనత్తగారికి పంజగుట్టలోని ఒక ఆసుపత్రిలో మూడు వారముల కొకసారి ఇమ్యునోథెరపీ మందును సెలైనుతో ఎక్కించెడివారు. పరామర్శకు వచ్చిన బంధువులలో ఒకరు గ్రుడ్డు వలదనిరి. మరొకరు మాంసము, వేరొకరు పెరుగు మాన్పించిరి. చక్కెర కాన్సరును పెంచునని ఇంకొకరు పండ్లను సైతము దూరము చేసిరి. చివరకు మిగిలినది గంజి! ఆమె చిక్కిపోవుచుండగా అది రోగలక్షణమని మేము తలచితిమి. డాక్టరుగారు బరువు చూచి, “ఏమి తినుచున్నారమ్మా?” అని అడుగగా, మేమందరము ఒక్కసారిగా బదులు చెప్పితిమి. ఆమె మాత్రము, “ఆకలిగా ఉన్నది, నాయనా” అన్నది. ఆ మాటకు మేము సిగ్గుపడితిమి.

ఈ చికిత్సలోని ముఖ్యమైన రకము కాన్సరు కణములను నేరుగా చంపదు. మన శరీరములోని రక్షక కణములకు పడియున్న పగ్గములను విప్పి, వానిచేతనే కాన్సరుపై దాడి చేయించును. ఇందుకు మార్గము చూపిన జేమ్స్ ఆలిసన్, తాసుకు హోంజో శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమతి లభించినది. పోరాడవలసినది మన శరీరమే అయినప్పుడు దానిని పస్తులుంచుట ఏమి న్యాయము?

కాన్సరు రోగికి కిలో బరువునకు రోజుకు కనీసము 1 గ్రాము, వీలైనచో 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నిపుణుల సూచన. అనగా 50 కిలోల మనిషికి 50 నుండి 75 గ్రాములు. ఒక గ్రుడ్డులో ఉండునది సుమారు 6 గ్రాములే. కావున పప్పు, పాలు, పెరుగు, చేప, కోడికూర అన్నియు కావలెను. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు మాత్రము డాక్టరు సలహా పొందవలెను. ఒకేసారి తినలేనివారికి ఐదారు మార్లుగా కొద్దికొద్దిగా పెట్టవచ్చును. ఆహారము బాగుగా ఉడికినదై, వేడిగా ఉండవలెను. బజారులో కోసి ఉంచిన పండ్లు, బండ్లపై పచ్చళ్ళు వలదు.

మెలనోమా అను చర్మపు కాన్సరు రోగులపై 2021లో వెలువడిన ఒక పరిశోధనలో, పీచుపదార్థము ఎక్కువగా తిన్నవారికి ఈ చికిత్స మెరుగుగా పనిచేసినట్లు కనబడినది. దుకాణములలో కొన్న ప్రొబయోటిక్ గుళికలవలన మేలు కనబడలేదు. జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు మనకు కరువా?

ఒక హెచ్చరిక. పగ్గములు విడిన రక్షక కణములు ఒక్కొక్కప్పుడు సొంత ప్రేగులపైననే దాడి చేయును. విరేచనములు పట్టుకొన్నచో మజ్జిగ త్రాగించి ఊరకుండరాదు. పీచు తగ్గించి, ఆనాడే డాక్టరుకు తెలుపవలెను. కాలేయమునకు సైతము వాపు రావచ్చును గనుక, డాక్టరు నడుగక ఏ చూర్ణమును వాడరాదు. రంజాను మాసములో రోగికి ఉపవాసము వాయిదా వేసికొను వెసులుబాటు మన ధర్మమే ఇచ్చినది. దానిని వినియోగించుకొనుట బలహీనత కాదు.

1918లో కూనూరులో పుట్టి, తరువాత మన నగరమునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే కలదు. ఏటా ఒక పోషకాహార నిపుణునిచే మన కళాశాలలో ఉపన్యాసము ఇప్పించవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. విద్యార్థులారా! రోగిని చూడబోవునప్పుడు నిషేధముల జాబితాను ఇంటనే విడిచి, వారికి ఇష్టమైన వంటకమును ఒక టిఫిను డబ్బాలో తీసికొనిపొండు.