బరువులెత్తే పిల్ల ఉన్న ఇల్లు

దసరా వస్తోందంటే మీ ఇళ్ళలో బూరెలు, గారెల ముచ్చట్లు మొదలవుతాయి కదా! మా ఇంట్లో మాత్రం మంచం కింద నుంచి బరువు తూచే మిషను బయటికొస్తుంది. మా అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. పండగ దాటితే మాకు పోటీల రోజులే.

"ఆడపిల్లకి బరువులేమిటమ్మా" అని మా అత్తగారు మొదట్లో గొడవపడ్డారు. కానీ మన ప్రాంతం వాళ్ళం ఆ మాట అనకూడదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. బంగారానికి రెండున్నర కిలోల దూరంలో ఆగిపోయింది! విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. పతకాలు మన ఊళ్ళకి కొత్త కాదు. అయితే ఆ పిల్లలున్న ఇంట్లో వంటింటి సంగతి ఎలా ఉండాలో మనకెవరూ చెప్పరు. నేను దెబ్బతిని నేర్చుకున్నాను, అంచేత చెబుతున్నాను.

ఒక ఏడాది పోటీకి మూడు రోజుల ముందు మా ఆడపడుచు కుటుంబం వచ్చింది. ఇల్లంతా పండగ. "పాపం కష్టపడుతోంది, తిననీ" అని నేనే కొసరి కొసరి బూరెలు వడ్డించాను. తీరా అక్కడ తూకంలో తన విభాగం హద్దుకి 300 గ్రాములు ఎక్కువ తూగింది. తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు ఉంటుంది. హద్దు దాటిన పిల్లలు ఆ గంటలోపు తగ్గి మళ్ళీ తూగొచ్చు. మా పిల్ల స్వెట్టరు వేసుకుని ఎండలో పరుగెత్తింది. గుక్కెడు నీళ్ళు తాగలేదు. చివరి నిమిషంలో సరిపోయింది గానీ ఒంట్లో సత్తువేదీ? మొదట స్నాచ్‌లో మూడు అవకాశాలిస్తారు. మూడూ తప్పితే ఇక లెక్కలోనే లేనట్టు. మూడూ తప్పింది.

తిరుగు రైల్లో నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే, "బూరెలు నేనే అడిగి తిన్నానమ్మా, నువ్వేడవకు" అంది. అడగలేదు. నేనే పెట్టాను. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ముల్లే.

ఆ తర్వాత ఇంకో తప్పు చేయబోయాను. మరుసటి పోటీకి నెల ముందు నుంచీ రాత్రి అన్నం మానిపించాను. పిల్ల నీరసపడింది, నెలసరి తప్పింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే నన్నే మందలించింది. ఎదిగే పిల్ల బరువు పెరగడం తప్పు కాదు, పెరగకపోతేనే చూసుకోవాలి అంది. కోచ్‌గారితో మాట్లాడి పై విభాగంలోకి మార్పించాం. నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే: హద్దు కోసం పిల్లను ఎండగట్టకూడదు, పిల్ల ఎదుగుదలను బట్టి హద్దు మార్చుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి చెబుతాను. వారానికి ఒకసారి, పొద్దున్నే పరగడుపున, అదే మిషను మీద తూచి కేలండరు మీద రాస్తాం. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కాస్త పెరగొచ్చు, దానికి కంగారు పడం. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు, ఏదో ఒక ఆకుకూర ఉంటాయి. ఆకుకూరలోని ఇనుము బాగా పట్టాలంటే నిమ్మరసం పిండాలి, భోజనం కాగానే టీ ఇవ్వకూడదు. పోటీకి వెళ్ళేటప్పుడు కొత్త వంటకం ఏదీ కట్టను. తూకం అయ్యాక తినడానికి అరటిపండ్లు, ఇడ్లీలు, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం చాలు. బట్టల సంచిలో బూట్లు, బెల్టుతో పాటు ఆధార్ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ముందే పెట్టేస్తాను.

కండ పెరుగుతుందని ఎవరో ఇచ్చే డబ్బా పొడులు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. వాటిలో ఏం కలిపారో మనకి తెలీదు. గ్లాస్గోలో మన సంతోషికి ముందు కాంస్యమే వచ్చింది. బంగారం గెలిచిన 16 ఏళ్ళ నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోయాక సంతోషికి వెండి దక్కింది. ఆ అమ్మాయి వయసు తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. ఆమెకీ ఓ తల్లి ఉంటుంది కదా! జలుబు మందు రాయించుకునేటప్పుడు కూడా పిల్ల పోటీలకి వెళుతుందని డాక్టరుకి చెప్పండి.

అన్నట్టు, ప్రాక్టీసు నుంచి రాగానే మా అమ్మాయికిచ్చే చోడి జావ: రెండు చెంచాల చోడిపిండిని అర గ్లాసు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. గ్లాసు నీళ్ళు మరిగాక అందులో పోసి, సన్న మంట మీద అయిదారు నిమిషాలు తిప్పండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకు ఇవ్వండి.

పై విభాగానికి మారిన మొదటి పోటీలో మా పిల్ల నాలుగో స్థానంలో వచ్చింది. పతకం లేదు. కానీ ఆరు లిఫ్టుల్లో అయిదు ఎత్తింది. ఇంటికొచ్చి, "అమ్మా, ఇప్పుడు బూరెలు చెయ్యి" అంది. ఈసారి నిజంగా తనే అడిగింది.